నలభై ఏడో నంబరు బిళ్ళ

యీషున్, సింగపూరు
ఫిబ్రవరి 9

బాబాయి గారికి,

భువన నమస్కారాలు. మీరు ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపిన నా పాత ఉత్తరం అందింది. పదకొండు తప్పులట! నలభై రెండేళ్లు వచ్చినా మీ దగ్గర నాకు పాసు మార్కులు పడేలా లేవు. వాట్సాప్‌లో రెండు ముక్కలు పెడితే పోయేదానికి ఈ అవస్థ ఏమిటని అనన్య వెక్కిరిస్తోంది. "మా, యువర్ బాబాయి సో ఓల్డ్ స్కూల్ లా" అంటుంది, ఈ ఊరివాళ్ల మాదిరే మాట చివర ఒక 'లా' తగిలించి. పద్నాలుగేళ్ల దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే బద్ధకం.

రేపు ఇక్కడ చైనా వాళ్ల కొత్త సంవత్సరం. మా బ్లాకు కింద ఎర్ర లాంతర్లు కట్టారు. మా ఇంట్లో మాత్రం ఎవరికీ ఉత్సాహం లేదు. సోమవారం మీ అల్లుడుగారు పనిచేసే షిప్ యార్డులో ఒకతను చనిపోయాడు. పేరు కొండయ్య, శ్రీకాకుళం వైపు మనిషి, ముప్పై ఒక్కేళ్లు. మరమ్మతుకొచ్చిన ఓడలో ట్యాంకు కడుగుతున్నాడట. మనిషి లోపలుండగానే పైన మూత బిగించేసి, లోపల నిప్పు అంటుకోకుండా వదిలే నైట్రోజన్ వదిలారు. ఇక ఊపిరెక్కడిది! సాయంత్రం డార్మిటరీకి వెళ్లే బస్సులో ఒకడు తక్కువయ్యాడని అప్పుడు వెతికారు. ఆయన అక్కడ సేఫ్టీ ఆఫీసరు కాబట్టి రోజూ విచారణలే. అన్నం సరిగ్గా తినడం లేదు. వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడుతున్నారు.

కొండయ్య రెండుసార్లు మా ఇంటికి భోజనానికి వచ్చాడు బాబాయ్. కిటికీ అవతల బట్టలారేసే వెదురు కర్ర దూర్చే గొట్టం ఊడిపోతే, అన్నం తిన్నాక ఊరికే కూర్చోలేక బిగించి వెళ్లాడు. ఇప్పటికీ గట్టిగానే ఉంది.

ఇంకో సంగతి. బట్టలు మెషీన్లో వేసేముందు జేబులు తడిమే అలవాటు నాది, మీకు తెలుసుగా. సోమవారం ఆయన వేసుకెళ్లిన ప్యాంటు జేబులో ఒక స్టీలు బిళ్ళ దొరికింది. మారీ బిస్కెట్టంత ఉంది. పైన చిల్లు, మధ్యలో 47 అని అచ్చు, దాని కింద మేకుతో గీకిన తెలుగు అక్షరాలు: కొండయ్య. పాపం, గుర్తుగా తెచ్చుకున్నారేమో అనుకుని దేవుడి అరలో పెట్టాను. ఆ అర వైపు ఆయన ఎప్పుడూ చూడరు, కదిలిస్తే బాధపడతారని నేనూ అడగలేదు. మీకు పాత నాణేల అచ్చులు పంపేదాన్ని కదా, అలాగే దీన్నీ కాగితం కింద పెట్టి పెన్సిలుతో రుద్దాను. ఈ ఉత్తరంతోపాటు పెడుతున్నాను. కాకినాడలో మీరు నేర్పినవాటిలో నాకు పూర్తిగా వచ్చిన విద్య ఇదొక్కటే.

మీ పాత కాగితాల హత్యలు ఎంతవరకు వచ్చాయి? రాయండి.

మీ
భువన


వించ్‌హేవెన్, ఇంగ్లండ్
ఫిబ్రవరి 19

చిరంజీవి భువనకు బాబాయి దీవెనలు.

ఈసారి తప్పులు ఏడే. బాగుపడుతున్నావు. పెన్సిలు అచ్చు చక్కగా వచ్చింది. నువ్వు పదేళ్లప్పుడు పంపిన కుంపిణీ దమ్మిడీ పక్కన, అదే ఆల్బంలో పెట్టాను. పోయిన పిల్లవాడి పేరు చూస్తుంటే మనసు పాడైంది. తన పేరు తానే గీకి పెట్టుకున్నాడంటే ఆ వస్తువు పోగొట్టుకోకూడదనే కదా.

ఇక నా హత్యలు. ఈ ఊరు ఇప్పుడు చేపలమ్ముకునే చిన్న రేవు గానీ, ఏడువందల ఏళ్ల కిందట ఉన్నిమూటలతో ఓడలు కిక్కిరిసిన పట్నం. ఇక్కడి రికార్డు గదిలో వారానికి మూడు రోజులు కూర్చుని, అప్పటి కరోనర్ల చర్మపత్రాలు చదువుతున్నానని చెప్పాను కదా. ఊళ్లో ఎవరు అనుమానంగా చచ్చినా రాజుగారి తరఫున వచ్చి విచారించే అధికారి కరోనరు. పోయిన వారం చదివిన కేసు నిద్ర పట్టనివ్వలేదు.

థామస్ అని సుంకం తనిఖీదారు. రాల్ఫ్ అనే ఓడ యజమాని దొంగ ఉన్ని దాస్తున్నాడని కనిపెట్టాడు. రాల్ఫ్ ఓడ మరమ్మతుకని బురదలోకి లాగి ఉంది, అడుగున పలకలు ఊడదీసి ఉన్నాయి. మధ్యాహ్నం థామస్ నిచ్చెన వేసుకుని ఓడ అడుగుకి దిగాడు. ఎవరో నిచ్చెన పైకి లాగేశారు. పోటు వచ్చింది, నీళ్లు నిండాయి. పన్నెండుమంది పెద్దమనుషులు ప్రమాణం చేసి ప్రమాదమన్నారు. తప్పు ఎవరిదని తేల్చారో తెలుసా? నిచ్చెనది! అప్పటి ఆచారం అది. చావుకి కారణమైన వస్తువుని దోషిగా రాసి రాజుకి జప్తు చేసేవారు. ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

తమాషా ఏమిటంటే ఆ నిచ్చెన దొరికింది రాల్ఫ్ ఇంటి పెరట్లో. మొదట చూసింది అతని భార్య ఎమ్మా. ఆ తర్వాతి పత్రం మసిబారి ఉంది, వచ్చే వారం కూడబలుక్కుని చదవాలి.

మహీధర్‌ని జాగ్రత్తగా చూసుకో. నేను ఏరి కోరి తెచ్చిన సంబంధం. మెత్తని మనిషి, ఇలాంటివి తట్టుకోలేడు.

ఆశీస్సులతో
సుధాకరరావు బాబాయి


సైన్స్ పార్క్, సింగపూరు
మార్చి 4

బాబాయ్,

ఇకమీదట ఉత్తరాలు ఇంటికి రాయకండి. కవరు వెనక మా ఆఫీసు అడ్రసు రాశాను, దానికే పంపండి. ఫోను కూడా చెయ్యకండి. ఈ ఉత్తరం దిద్దకండి కూడా.

మా పక్క ఫ్లాటు సూరమ్మ ఆంటీ గురించి ఎప్పుడో రాశాను. వాళ్ల తాత తెల్లవాళ్ల కాలంలో విశాఖ జిల్లానుంచి వచ్చినవాడు, వీళ్లు నాలుగు తరాలుగా ఇక్కడే. పోయిన మంగళవారం కరివేపాకు కోసం వచ్చి దేవుడి అరలో బిళ్ళ చూసింది. చూడగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఐయ్యో భువనా, ఇది ఇంట్లో ఎందుకుంది? ఇది డాక్‌యార్డు బిళ్ళ లా. మా నాన్న అప్పన్న నేవల్ బేస్‌లో ముప్పై ఏళ్లు వేలై చేశాడు, ఓడల పని, నాకు తెలియదా! లోపల దిగితే బిళ్ళ బోర్డుకి తగిలించాలి. బయటకి వస్తే తనది తనే తియ్యాలి. బోర్డు మీద బిళ్ళుంటే మనిషి లోపల. బిళ్ళ లేదంటే మనిషి బయట. వేరేవాడి బిళ్ళ ఎవడూ ముట్టడు మా, నిప్పు ముట్టినట్టే."

ఆ బోర్డు గురించి మహీధర్ ఒక్కనాడూ ఇంట్లో చెప్పలేదు. కొండయ్య లోపలుండి చచ్చిపోతే అతని బిళ్ళ బోర్డు మీద ఉండాలి. మా దేవుడి అరలో ఎందుకుంటుంది?

ఆదివారం సెరంగూన్ మాల్‌లో గోపీకృష్ణని కలిశాను. అమలాపురం దగ్గరి కుర్రాడు, కొండయ్య గదిలోనే ఉండేవాడు. ఆ రోజు మూత దగ్గర కాపలా అతనే. అతన్నే పట్టుకున్నారు. పాస్‌పోర్టు తీసేసుకున్నారు, నిర్లక్ష్యంతో మనిషిని చంపావని కేసు పెడతారట. ఫుడ్ కోర్టులో నేను కాఫీ తెచ్చి ముందుపెడితే తాగలేదు. చెబుతున్నంతసేపూ తన చేతులు చూసుకుంటూనే ఉన్నాడు.

"మధ్యాన్నం అందరూ బయటికొచ్చేసారొదినా. కొండయ్యని మాత్రం, కింద మూల ఇంకాస్త మిగిలింది చూసిరారా అని మహీధరన్న మళ్లీ దింపాడు. నా కళ్లెదురుగానే బిళ్ళ తగిలించి దిగాడు. అప్పుడన్న నాతో, నువ్వెళ్లి మకాన్ చేసిరా, అన్నం వేళైంది, నేనున్నాగా అన్నాడు. కాపలా మారితే పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలొదినా, రూలది. కానీ మనోడు, అన్న. సంతకం పెట్టన్నా అని ఏ మొహంతో అడుగుతాను? అడిగితే నమ్మట్లేదా అనుకోడూ? తిరిగొచ్చేసరికి బోర్డు ఖాళీ. అందరూ వచ్చేసారు మూసెయ్ అన్నాడు. నేనే బిగించానొదినా. ఈ చేతుల్తోనే."

ఇప్పుడు మహీధర్ తను ఆ సమయంలో అక్కడ లేనే లేనంటున్నాడు. పుస్తకంలో సంతకం లేదు కాబట్టి గోపీ మాట ఎవరూ నమ్మడం లేదు. కొండయ్య బిళ్ళ పోయిందనీ, తప్పు కప్పిపుచ్చుకోవడానికి గోపీయే దాన్ని నీళ్లలో పారేశాడనీ పోలీసులు రాసుకున్నారట.

గోపీ ఇంకొకటి చెప్పాడు. జనవరిలో ఇద్దరు ట్యాంకుల్లో స్పృహ తప్పారు. గాలి పరీక్ష చెయ్యకుండానే చేసినట్టు మహీధర్ కాగితాలు రాస్తున్నాడని కొండయ్య కనిపెట్టాడట. కార్మికుల మినిస్ట్రీకి చెబుతానన్నాడట. కానీ ముందు వచ్చి మహీధర్‌కే చెప్పాడు. మనవాడు కదా, ఒక మాట చెప్పకుండా వెళితే బాగుండదని.

పదహారేళ్లు ఒక కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్న మనిషి. నేను ఏమీ అనుకోవడం లేదు. ఒక్కటి చెప్పండి. పెరట్లో నిచ్చెన చూసిన ఆ ఎమ్మా ఏం చేసింది? ఎందుకని అడగకండి.

భువన


వించ్‌హేవెన్
మార్చి 13

చిరంజీవి భువనకు,

ఉత్తరం అందింది. అడిగినదానికి జవాబు రాస్తున్నాను.

ఎమ్మా ఏమీ చెయ్యలేదు. నిచ్చెన ఉన్నచోటే వదిలేసి ఇంట్లోకి వెళ్లింది. ఆ రోజుల్లో ఇక్కడి చట్టం ప్రకారం ఆడది హత్యానేరం మోపాలంటే చచ్చినవాడు ఆమె సొంత భర్త అయ్యుండాలి. పరాయి మగవాడి చావు గురించి నిలదీసే హక్కు ఆమెకి లేదు. కాబట్టి నోరు మూసుకుంది. రాల్ఫ్ తర్వాత మంచి దారిలో పడ్డాడు. పిల్లల్ని పెంచుకుంది, మనవల్ని చూసుకుంది, ముసలిదై పోయింది. పత్రం అంతవరకే ఉంది.

నువ్వు అనుకుంటున్నది నిజమని ఎవరు చెప్పొచ్చారు? కష్టంలో ఉన్న కుర్రాడు తోచింది చెబుతాడు. ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంది. దాని మొహం చూడు. ఆ వస్తువు ఎవరిదో వాళ్లకి ఇచ్చెయ్యి. భగవంతుడి మీద భారం వేసి ఊరుకో.

సుధాకరరావు


సైన్స్ పార్క్
ఏప్రిల్ 10

బాబాయ్,

మీరు చెప్పినట్టే చేశాను. ఆ వస్తువు ఎవరిదో వాళ్లకి ఇచ్చెయ్యమన్నారు. ఎవరిదో వాళ్లు బతికి లేరు కాబట్టి, తెచ్చినవాడికే ఇచ్చాను.

మార్చి 24 ఆదివారం పొద్దున్న. అనన్య ట్యూషన్‌కి వెళ్లింది. ఇడ్లీ పళ్లెం పక్కన బిళ్ళ పెట్టాను. అరుస్తాడనుకున్నాను. అబద్ధం చెబుతాడనుకున్నాను, నిజం చెప్పాలంటే అదే కోరుకున్నాను. ఏదో ఒక మంచి అబద్ధం చెబితే నమ్మేసి పడుండేదాన్ని. దాన్ని చూశాడు. చట్నీ వేసుకున్నాడు.

"నేను ఎవర్నీ తొయ్యలేదు భువనా. ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదు. ఒక బిళ్ళ తీశాను, అంతే. మూసింది గోపీ."

"ఎందుకు తీశావు?" అన్నాను.

"వాడు సోమవారం పనయ్యాక మినిస్ట్రీకి వెళ్తానన్నాడు. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ, అంతా చెప్పిచూశాను. నా ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే పాస్ పోతుంది, పాస్ పోతే ఈ ఫ్లాటు, అనన్య స్కూలు, ఏదీ ఉండదు. ఇదంతా ఎవరి కోసం చేశాననుకుంటున్నావు?"

నా కోసమట. స్నానాల గదిలోకి వెళ్లి వాంతి చేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న జాగింగుకని సెలెతార్ రిజర్వాయరు గట్టు మీదికి వెళ్లాడు. తిరిగొచ్చాడు. బిళ్ళ ఇంట్లో ఎక్కడా లేదు, అతని దగ్గరా లేదు. నీళ్లలో వేసొచ్చాడని అర్థమైంది.

నిన్న ఉగాది. మనవాళ్ల సంఘం భోజనాలు పెట్టింది. మహీధర్ మైకు అందుకుని, మన సోదరుడు కొండయ్య ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం అన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను బాబాయ్. తలవంచుకుని రెండు నిమిషాలూ నిలబడ్డాను. హాలు చివర గోపీ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలు నాలుగూ ఖాళీ. మే 20న అతని కోర్టు. అమలాపురంలో వాళ్లమ్మకి ఇంకా చెప్పలేదట.

మీ ఎమ్మా గురించే ఆలోచిస్తున్నాను. నిజంగా ముసలిదయ్యేదాకా బతికిందా? రాల్ఫ్‌కి అన్నం వడ్డించేటప్పుడు అతని చేతులవైపు చూసేదా, చూసేది కాదా? నాకు రెండు వారాలకే ఇలా ఉంది. నలభై ఏళ్లు ఎలా గడిపింది? మీ పత్రంలో ఉంటే రాయండి. లేకపోతే వద్దు.

భువన


వించ్‌హేవెన్
ఏప్రిల్ 18

అమ్మా భువనా,

నేను నీకు అబద్ధం రాశాను.

డెబ్బై మూడేళ్లు వచ్చాయి. జీవితమంతా ఇతరుల తప్పులు దిద్దాను. నిన్న నీ ఉత్తరం చదివాను. ఆ బిళ్ళ నీళ్ల పాలవడానికి కారణం నేను. నువ్వు దాన్ని తీసుకెళ్లి ఇవ్వాల్సినచోట ఇచ్చేదానివి. నా మాట విని అతని పళ్లెం పక్కన పెట్టావు.

పత్రంలో ఉన్నది ఇది. ఆడదానికి నేరం మోపే హక్కు లేదని రాశాను, అది నిజమే. కానీ దాని పక్కనే ఉన్న రెండో ఆచారం దాచాను. శవాన్ని గానీ, హత్యకి వాడిన వస్తువుని గానీ మొదట చూసినవాళ్లు ఎవరైనా సరే, మగైనా ఆడైనా, వీధిలోకొచ్చి కేక వెయ్యాలి. అది హక్కు కాదు, విధి. ఆ కేక విన్న ప్రతి ఇంటినుంచీ మనుషులు బయటికి రావాలి. రాకపోతే ఊరికే శిక్ష.

ఎమ్మా నోరు మూసుకోలేదు. సంత రోజు మధ్యాహ్నం తన గడప ముందు నిలబడి, సొంత భర్త పేరు చెప్పి కేక వేసింది. సంతలో జనం కిటకిటలాడుతున్నారు. అందరికీ వినపడింది. కరోనర్ గుమాస్తా రాసింది రెండే మాటలు: "ఎమ్మా కేక వేసింది. ఎవరూ రాలేదు." అంతే. ఆ తర్వాత ఆమె పేరు ఏ పత్రంలోనూ లేదు. ఏమైందో నాకు తెలియదు. మనవలూ ముసలితనమూ నేను కల్పించినవి.

ఎందుకు కల్పించానంటే భయం. నీ మీద ప్రేమ అని రాద్దామని కలం పట్టుకున్నాను, అది కూడా సగమే నిజం. మీ నాన్న పోయాక నీకు సంబంధం వెతికింది నేను. మహీధర్‌ని చూసి, వాళ్లింట్లో కాఫీ తాగి, వంశం మంచిదని వచ్చింది నేను. గోత్రం అడిగాను, ఉద్యోగం అడిగాను, అతను ఎలాంటివాడని బయట ఒక్కర్ని వాకబు చెయ్యలేదు. మనవాళ్లే కదా అనుకున్నాను. నువ్వు నోరు విప్పితే నా ఎంపిక బయటపడుతుంది. అది చూడలేక నీ నోరు మూయించాను.

ఏం చెయ్యాలో నీకు చెప్పే అర్హత నాకిక లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

బాబాయి


యీషున్
ఏప్రిల్ 30

బాబాయ్,

ఇప్పుడు ఇంటినుంచే రాస్తున్నాను. దాచాల్సింది ఏమీ మిగల్లేదు.

మీ ఉత్తరం అందిన రోజే మధ్యాహ్నం సెలవు పెట్టి పోలీసుల దగ్గరికి వెళ్లాను. ఒక ఆడ ఆఫీసరు, నా వయసే ఉంటుంది. రెండు గంటలు విన్నది. ఇడ్లీ తింటూ మహీధర్ అన్న మాటలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. భర్త భార్యతో అన్నవి కోర్టులో చెప్పనివ్వకపోవచ్చు, మీరు కళ్లతో చూసింది చెప్పండి అంది. బిళ్ళ చూశానన్నాను. నంబరు చెప్పాను. సూరమ్మ ఆంటీ కూడా చూసింది గానీ, నంబరూ పేరూ గమనించలేదట. ఎక్కడుంది అని అడిగింది. నీళ్లలో అన్నాను. ఆమె రాయడం ఆపి నావైపు చూసింది. జాలి పడిందో, నమ్మలేదో తెలియదు.

మహీధర్‌ని పిలిచి అడిగారు. పనిలేక ఊహించుకుంటోంది, కొన్నాళ్లుగా మనసు బాగాలేదు అని చెప్పాడట. అందరితోనూ అదే చెబుతున్నాడు. బట్టలు సర్దుకుని స్నేహితుడి ఫ్లాటుకి వెళ్లిపోయాడు. సంఘం వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. సైన్స్ పార్క్‌లో నాతో రోజూ కలిసి తినే ఇద్దరు మనవాళ్లు లంచ్ టైము మార్చుకున్నారు. మా ఆడపడుచు ఫోను చేసి, మొగుణ్ణి ఉరికంబం ఎక్కించే ఆడదాన్ని నిన్నే చూశాను అంది. సూరమ్మ ఆంటీ ఒక్కతే సాయంత్రం చారు తెచ్చి పెడుతోంది.

అనన్య నాతో మాట్లాడడం మానేసింది. నిన్న ఒక్క మాట అంది: "యూ కుడ్ హావ్ జస్ట్ కెప్ట్ క్వైట్, మా. ఎవ్రీబడీ ఆల్సో కీప్ క్వైట్ వాట్." అందరూ ఊరుకుంటారన్నది నిజమే.

అరిచాను బాబాయ్. ఎవరూ రాలేదు.

కానీ ఎమ్మాకి లేనిది నాకొకటి ఉంది. మీ ఆల్బంలో ఉంది. ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం, దాంతోపాటు పెన్సిలు అచ్చు. గోపీ ఆ బిళ్ళ నీళ్లలో పారేశాడని వాళ్లంటున్నారు. ఆ బిళ్ళ అప్పటికి మా ఇంట్లో ఉందని చెప్పే కాగితం ప్రపంచం మొత్తం మీద అదొక్కటే. ఆఫీసరుకి దాని సంగతి చెప్పలేదు. ఎవరికైనా రాశారా అని అడిగింది, తలదించుకున్నాను. ఆ కాగితం బయటికొస్తే మార్చిలో మీరు రాసిందీ వస్తుంది. అన్నీ తెలిసి ఊరుకోమన్నారని తెలుస్తుంది. ఈ వయసులో మిమ్మల్ని బోనెక్కించడానికి నాకు నోరు రాలేదు.

అందుకే అడగడం లేదు. గోపీ కోర్టు ఇరవయ్యో తారీఖు. నేను కేక వేశాను. వినపడే దూరంలో ఉన్నది మీరొక్కరే.

భువన


సెరంగూన్, సింగపూరు
మే 12

అమ్మా భువనా,

పై చిరునామా చూసి కంగారు పడకు. నీ ఉత్తరం ఎనిమిదో తారీఖున అందింది. పదో తారీఖు విమానం ఎక్కాను. ఇక్కడ ఒక చిన్న హోటల్లో దిగాను. నీ ఆఫీసరు నిన్ను మంగళవారం మళ్లీ పిలుస్తుందట. అంతవరకు మనిద్దరం కలవకూడదు, మాట్లాడకూడదు అంది. అందుకని దీన్ని మంగళవారం మధ్యాహ్నం మీ బ్లాకు కింద నీ ఉత్తరాల డబ్బాలో నేనే వేస్తాను, నీ వాంగ్మూలం అయ్యాకే అందుతుంది. ఇక్కడి రైలు స్టేషన్ నుంచి ఆరో స్టేషన్ నీ ఇల్లు. లెక్కపెట్టుకున్నాను.

నిన్న నీ ఆఫీసరు ముందు కూర్చున్నాను. ఆల్బం చేతిసంచిలో తెచ్చాను. ఆమె తొడుగులు వేసుకుని అచ్చు బయటికి తీసింది. నలభై ఏడు, దాని కింద కొండయ్య. కవరు మీద సింగపూరు తపాలా ముద్ర, ఫిబ్రవరి తొమ్మిది. తెలుగు చదివే మనిషిని పిలిపించి నీ ఉత్తరం మొత్తం ఇంగ్లీషులోకి రాయించుకున్నారు. సోమవారం వేసుకెళ్లిన ప్యాంటు జేబులో, అన్న చోట అతను ఆగి మళ్లీ చదివాడు. యార్డు నుంచి వేరే బిళ్ళ ఒకటి తెప్పించి, అచ్చు పక్కన పెట్టి కొలిచారు. చిల్లు దగ్గరనుంచి అంచు దాకా సరిపోయింది.

తర్వాత నేనే చెప్పాను. మార్చి నెలలోనే నాకంతా తెలుసు, నోరు మూసుకోమని అబద్ధం రాశాను అని. ఆమె "వై, సర్?" అంది. నా పరువు కోసం అన్నాను. నా ఉత్తరం నీ దగ్గరుంటే చింపకు. అడగ్గానే ఇచ్చెయ్యి. నన్ను కాపాడదామని చూడకు. నా పరువు కోసమే ఆ బిళ్ళ నీళ్లపాలైంది, అది చాలు.

మంగళవారం సాయంత్రం నీ గుమ్మం ముందుకి వస్తాను. తలుపు తియ్యాలనిపించకపోతే తియ్యకు. సూరమ్మగారి ఇంటి ముందు అరుగులాంటిది ఏదైనా ఉంటే అక్కడ కూర్చుంటాను.

బాబాయి


యీషున్
జూన్ 14

బాబాయ్,

మిమ్మల్ని విమానం ఎక్కించి వారమైంది. చేరినట్టు ఒక కార్డు ముక్కైనా రాయలేదు, ఇన్నాళ్లూ నాకు చెప్పిన క్రమశిక్షణ ఇదేనా! మందులు వేసుకుంటున్నారా?

గోపీ మీద కేసు ఎత్తేశారు. పాస్‌పోర్టు ఇచ్చేశారు. నిన్న ఊరికి వెళుతూ చెప్పడానికొచ్చాడు. సంతోషంగా ఉంటాడనుకున్నాను. "కోర్టు వదిలేసింది గానీ, మూత బిగించింది నా చేతులే కదొదినా" అన్నాడు. వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగి కొండయ్య బిగించిన గొట్టం పట్టుకుని చూశాడు.

మహీధర్‌ని హత్యానేరం కిందే పట్టుకున్నారు. మీకు తెలుసు, ఇక్కడ దానికి ఏం శిక్షో. నాకు కసి తీరలేదు బాబాయ్, ఏడుపు వస్తోంది. అతని కోసమే ఏడుస్తున్నాను, దాచను. సంఘం వాళ్లు ఇప్పుడు ఒక్కొక్కరే మెసేజులు పెడుతున్నారు, మాకు ముందే అనుమానం అని. జవాబులు ఇవ్వడం లేదు.

అనన్య ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. కానీ మొన్న మీ ఉత్తరాల కట్ట తీసుకుని తన గదిలోకి వెళ్లింది. తెలుగు చదవడం దానికి రాదు. సూరమ్మ ఆంటీ దగ్గర కూర్చుని ఒక్కో అక్షరం అడిగి చదివించుకుంటోంది. ఆపుదామా అనుకున్నాను, ఆపలేదు.

ఈ రోజు లాయరు ఫోను చేశాడు. కోర్టుకి వేసుకోవడానికి అతనికి ఒక చొక్కా, ప్యాంటు కావాలట. నీలం చొక్కా ఇస్త్రీ చేశాను. ప్యాంటు మడతపెట్టి సంచిలో పెట్టబోయి ఆగాను. అలవాటు బాబాయ్, ఏం చెయ్యను. నాలుగు జేబులూ తడిమి చూశాను. ఏమీ లేవు.

మీ
భువన